కుడిపక్క చప్పుడు

“అమ్మాయ్, కాస్త పడుకోమ్మా. మెషీన్ చూడాలి” అన్నాడు పెద్ద డాక్టరు.

ఆమె తడిగుడ్డతో జెల్లు సీసాల మూతులు తుడుస్తోంది. గుడ్డ పక్కన పెట్టి, చెప్పులు విడిచి, ఎప్పటిలాగే బల్ల ఎక్కింది. ఎందుకని అడగలేదు. ఆ స్కాన్ సెంటర్లో కొత్త మెషీన్ ఏది దిగినా మొదట పడుకునేది ఆమే. సన్నటి మనిషి. కదలదు, విసుక్కోదు, జెల్లు చల్లగా ఉందని ఉలిక్కిపడదు. “నీ కాలేయం పుస్తకంలో బొమ్మలా ఉంటుందమ్మా” అని పెద్ద డాక్టరు ప్రతిసారీ మెచ్చుకుంటాడు. ఆమె సంతోషించేది కూడా. ఇంట్లో వంటకి రాని మెప్పు ఇక్కడ కాలేయానికి వచ్చిందిలే అనుకునేది.

అందరూ తెర చుట్టూ చేరారు. పెద్ద డాక్టరు, మెషీన్ తెచ్చిన కంపెనీ మనిషి, కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ, చెవుల మీద జుట్టు నెరుస్తున్న ఎక్స్‌రే మనిషి. అతను ఆమెని వదినా అని పిలుస్తాడు కాబట్టి సెంటర్లో అందరూ అతన్ని మరిది అంటారు. నలుగురి మొహాలూ తెరవైపు, నలుగురి వీపులూ ఆమెవైపు. ఆమె పైకప్పు చూస్తూ పడుకుంది. అక్కడ నీళ్లు దిగిన మరక ఒకటుంది. మొదటిసారి ఈ బల్ల ఎక్కినప్పుడు అది దూడ తలంత ఉండేది. ఇప్పుడు కొమ్ములొచ్చి ఆవయింది.

“కాలేయం చూడండి సార్, ఎంత స్పష్టంగా ఉందో!” అన్నాడు కంపెనీ మనిషి, తనే చేసి పెట్టినట్టు.

కాలేయం, పిత్తాశయం, మూత్రపిండాలు అన్నీ వరసగా చూపించాడు. తెరమీద పేరుండే చోట ‘టెస్ట్’ అని ఉంది. ఆమె బొమ్మ ఎప్పుడు తీసినా అలాగే కొడతారు. సెంటరు మూసే వేళకి ‘టెస్ట్’ అని ఉన్నవన్నీ వాటంతటవే చెరిగిపోతాయి. రోగుల బొమ్మలకి చోటు కావాలి కదా.

అతను పరికరాన్ని డొక్కల కిందకి జరిపి “ఇక గుండె చూడండి” అన్నాడు. గుండె సరిగా రాలేదు. తెరంతా బూడిద చల్లినట్టయింది. “గ్యాస్ అడ్డమొస్తోంది సార్.”

“ఈ అమ్మాయికి ఎప్పుడూ అంతే, గ్యాస్ మనిషి” అన్నాడు పెద్ద డాక్టరు, ప్రేమగానే. “గుండె ఇంకెవరి మీదైనా చూద్దాంలే.”

“ఒక్క నిమిషం సార్” అంది చిన్న డాక్టరమ్మ. పరికరం తను తీసుకుంది. రొమ్ముటెముక అంచున కుడివైపు ఆనించి, కదపకుండా పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆమె ఒంటి మీద చేతులు జరుగుతూ పోవడమే తప్ప ఆగడం లేదు. ఈ చెయ్యి ఆగింది. ఈనబోయే గేదె పక్కన కూర్చునే మనిషి చెయ్యిలా, తొందర లేకుండా ఆగింది.

“గుండెకి ముందు ఏదో కదులుతోంది” అంది డాక్టరమ్మ మెల్లగా. “గుండెతో పాటు కాదు. దాని ఇష్టానికి అది కదులుతోంది.” తెరమీంచి చూపు తిప్పి ఆమె మొహంలోకి చూసింది. “అక్కా, నీకు ఇక్కడ ఎప్పుడైనా చప్పుడు వినిపిస్తుందా?”

ఆమెకి నవ్వొచ్చింది. “నాకొక్కదానికేంటి డాక్టరమ్మా, మా ఇంట్లో అందరికీ వినిపిస్తుంది.”

*

పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నం భర్త ఆమె ఛాతీ మీద తల పెట్టుకుని పడుకున్నాడు. కుడివైపు, కిటికీ గాలి తగిలే వైపు. పెట్టిన తల చటుక్కున ఎత్తాడు. “ఏంటి, నీ లోపల వాన పడుతోంది?” అన్నాడు. గుడగుడ, గుళగుళ, మధ్యలో ఎక్కడో దూరంగా ఉరిమినట్టు ఒకటి. ఆమె సిగ్గుతో కుంచించుకుపోయింది. చిన్నప్పుడు బళ్లో పక్కన కూర్చున్న పిల్లలు ఆ చప్పుడు విని కిసకిసలాడేవారు. అతను మాత్రం మళ్లీ చెవి ఆనించి “ఉండు ఉండు, ఇప్పుడు చెరువు నిండుతోంది” అన్నాడు. ఆ మాటతో ఆమె అతని మనిషైపోయింది. సిగ్గుపడాల్సినదాన్ని ముద్దు చేసే మగవాడు అందరికీ దొరకడు. బస్సు నడుపుతాడతను. తోటి డ్రైవర్ల దగ్గర “నాది బస్సు, మా ఆవిడది రైలు” అని చెప్పుకునేవాడు. రైలు అని పేరు పెట్టింది మాత్రం పాప. ఎంత మారాం చేసే పిల్లయినా కుడి భుజం కింద ఆనించుకుంటే చప్పున ఊరుకునేది. మాటలొచ్చాక “అమ్మా, రైలు పెట్టు” అని అడిగేది. అత్తగారు ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేది. “మా కోడలి గుండెల్లో జోలపాటుంది. మా పిల్లకి ఉయ్యాలతో పని లేకపోయింది.”

చప్పుడుకి దక్కిన ముద్దు మిగతావాటికి దక్కలేదు. నాలుగు ముద్దలు తినేసరికి ఆమెకి ఛాతీ నిండిపోయేది. “కడుపు నిండింది అనాలే, ఛాతీ అంటారా ఎవరైనా?” అని అత్తగారు దిద్దింది. ఆమె దిద్దుకుంది. మెట్ల మధ్యలో ఆగితే “మా ఆవిడ మెట్టు మెట్టుకీ దణ్ణం పెడుతుంది” అని భర్త పైనుంచి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, నవ్వడానికి చాలినంత ఊపిరి కూడదీసుకుని. తిన్న వెంటనే నడుం వాలిస్తే ఎవరో రొమ్ము మీద మోకాలు పెట్టి నొక్కినట్టుండేది. అందుకని వాల్చేది కాదు. వాల్చకపోతే నిలబడాలి. నిలబడ్డ మనిషి చేతులు ఊరికే ఉండవు, ఎదురుగా ఎంగిలి కంచాలుంటాయి. అలా మొదలైంది. “మా కోడలు తిన్న చెయ్యి ఆరకముందే గిన్నెల దగ్గరుంటుంది. నడుం వాల్చడం ఎరగదు తల్లీ” అని అత్తగారు గొప్పగా చెప్పుకుంది. “దానికి పనంటే పిచ్చి” అన్నాడు భర్త, మంచం మీంచి. ఏళ్ల తరబడి వినగా వినగా ఆమెకీ నమ్మకం కుదిరింది. తనకి పనంటే ఇష్టం కాబోలు. ఊపిరాడక లేచి నిలబడ్డ మనిషిని ఇల్లంతా కలిసి పనిమంతురాలిని చేసింది. ఆ బిరుదు వచ్చాక కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

ఇంతమంది చెవి ఆనించారు. ఎందుకొస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. మిగతావాళ్లని అనడమెందుకు, స్కాన్ సెంటర్లో పనిచేస్తూ ఆమే అడగలేదు.

*

మధ్యాహ్నం రోగుల వరస పల్చబడ్డాక, చిన్న డాక్టరమ్మ చెప్పగా, ఆమె ఎక్స్‌రే గదిలో పలక ముందు నిలబడింది. రోజూ ఆ పలక ముందు మనుషుల్ని నిలబెట్టి, గడ్డాలెత్తి, భుజాలు ముందుకి వంచేది ఆమే. ఊపిరి చెప్పడమూ ఆమె పనే. మరిది గొంతు కటువు, పిల్లలు జడుసుకుంటారు. అందుకని సెంటర్లో ఆమెకి ఊపిరక్క అని పేరు. ఇప్పుడు పలక ముందు ఊపిరక్కే ఉంది. మరిది మీట మీద వేలు పెట్టి అద్దం వెనక నిలబడ్డాడు. ఎంతకీ నొక్కడు.

“ఏంటి మరిదీ, నిద్రపోయావా?”

“ఊపిరి చెప్పాలి కదా వదినా?”

“ఎవరు చెప్పాలి?”

ఇద్దరూ నవ్వారు. చివరికి తనే అంది. “ఊపిరి బాగా పీల్చండి. బిగబట్టండి.” తనని తను ‘అండీ’ అనుకోవడం అదే మొదలు. ‘వదలండి’ అనేదాకా ఆగలేక ముందే వదిలేసింది. ఎప్పుడూ అంతే. ఎదుటివాళ్లకి చెప్పినంతసేపు తను బిగబట్టలేదు.

బొమ్మలో గుండె నీడకి కుడిపక్కన, అడుగున, పిడికెడు మబ్బు కనిపించింది.

“కొవ్వమ్మా అది” అన్నాడు పెద్ద డాక్టరు. “గుండె పక్కన కొవ్వు చాలామందికి ఉంటుంది. నువ్వేం బెంగపడకు.”

“ఇంత సన్నటి మనిషికి అక్కడొక్కచోటే కొవ్వా సార్?” అంది చిన్న డాక్టరమ్మ. “పక్కకి తిప్పి ఇంకొకటి తీద్దాం.”

పక్కనుంచి తీసిన బొమ్మలో ఆ మబ్బు రొమ్ముటెముకకి సరిగ్గా వెనకే ఉంది. మబ్బులో ఉంగరాలు ఉంగరాలుగా గాలి ఉంది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. “కొవ్వులో గాలి ఉండదక్కా. ఇది పేగులా ఉంది. రేపు పొద్దున సీటీ స్కాన్ తీసి, దీని పక్కన పెట్టి చూద్దాం.”

మర్నాడు పొద్దున పక్కన పెట్టి చూడ్డానికి ఆ బొమ్మ లేదు. కంప్యూటర్ అంతా వెతికారు. చివరికి మరిది నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “వదినా, తప్పయిపోయింది. నీ బొమ్మ కదా, అలవాటుకొద్దీ ‘టెస్ట్’ అని కొట్టేశాను. సాయంత్రం మిగతావాటితో పాటు చెరిగిపోయింది.”

“పోతే పోయిందిలేవయ్యా, మనిషి ఇక్కడే ఉంది, మళ్లీ తీద్దాం” అన్నాడు పెద్ద డాక్టరు తేలిగ్గా.

‘దానికేముంది సార్’ అనే మాట ఆమె నోట్లో సిద్ధంగానే ఉంది. ఎన్నేళ్లుగానో ఏ పనికైనా ఆ మాట వాడుతోంది, గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టాలా నోటి ముందు పరిచి ఉంటుంది. ఈసారి అది బయటికి రాలేదు. బల్ల మీద పడుకున్నవన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఎన్ని బొమ్మలు తీశారో, ఎన్ని సాయంత్రాలు చెరిగిపోయాయో. ఆ బొమ్మల్లో ఏ ఒక్కటీ ఆమెది కాదు, మెషీన్‌ది.

“మళ్లీ తీయండి సార్” అంది. “ఈసారి నా పేరు కొట్టు మరిదీ.”

“కొడతాలే వదినా.”

“కొట్టాక నాకు చూపించు.”

అతను పేరు కొట్టి ఆగాడు. “వదినా, ఇంటిపేరు?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ఒకే కెటిల్‌లోని టీ తాగుతున్నారు. చెప్పింది. వయసు అడిగాడు, చెప్పింది. రోజూ రోగుల్ని అడిగే ప్రశ్నలే, ఆ గదిలో ఆమెని అడగడం అదే మొదటిసారి. బొమ్మ వచ్చింది. పైన ఎడమ మూల నల్లటి దాని మీద తెల్లటి అక్షరాల్లో ఆమె పేరు. ఆమె కాసేపు మబ్బుని చూడలేదు. పేరునే చూస్తూ నిలబడింది.

*

సీటీ అన్నీ చెప్పేసింది. దుంగని పలకలు పలకలుగా కోసి చూపించినట్టు ఆమెని అడ్డంగా కోసి చూపించింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోమంది. రోగులు కూర్చునే కుర్చీ.

“పొట్టకీ ఛాతీకీ మధ్య కండతో చేసిన ఒక పొర ఉంటుందక్కా. మనం ఊపిరి తీసినప్పుడల్లా అది కిందకీ పైకీ ఆడుతుంది. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఆ పొర ముందుభాగంలో, కుడిపక్కన, చిన్న సందు మూసుకోకుండా మిగిలిపోయింది. ఆ సందులోంచి పెద్దపేగు కొంత, దాని చుట్టూ ఉండే కొవ్వు పొర కొంత పైకొచ్చి గుండె పక్కన కూర్చున్నాయి. పుట్టుకతో వచ్చే ఇలాంటి హెర్నియాల్లో చాలావాటికి సందు వెనకవైపుంటుంది. అవి కడుపులో బిడ్డగా ఉండగానే స్కాన్‌లో కనిపించొచ్చు, లేకపోతే పుట్టగానే ఊపిరాడక తెలుస్తాయి. ముందువైపు రావడం బాగా అరుదు. ఇది ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా దాక్కుంటుంది.”

“చప్పుడు చెయ్యకుండా ఏంటి డాక్టరమ్మా? బస్సు డిపో దాకా వినపడింది.”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగాక చెప్పింది. “పేగు ఎప్పుడైనా ఆ సందులో మెలిపడి ఇరుక్కోవచ్చు. పడకపోనూవచ్చు. పడితే మాత్రం అప్పుడు పరిగెత్తాలి. ఇప్పుడైతే నడిచి వెళ్లొచ్చు. చిన్న కోతలతోనే పేగుని కిందకి దించి సందు కుట్టేస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలు బరువులెత్తకూడదు.”

ఆమెకి గట్టు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మడి గట్టుకి గండి పడితే నాన్న ముందు తన కాలు అడ్డం పెట్టేవాడు. నిలబడే కేకేసేవాడు, మట్టి తెమ్మని. పంట కోతలయ్యాక పూడ్చుదామని ఏ రైతూ అనడు.

పెద్ద డాక్టరు తెర ముందు నిలబడి ఆమె బొమ్మల్ని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. కళ్లజోడు తీశాడు. “దీపం కింద చీకటంటే ఇదేనమ్మా. ఎన్నిసార్లు చూశాం నిన్ను!”

“మీరు మెషీన్‌ని చూశారు సార్” అంది ఆమె.

కోపంతో అనలేదు. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడుందని చెప్పినట్టు అంది. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి “అరుదైన కేసమ్మా. డాక్టర్ల సభలో చూపించాలని ఉంది. నీకేం అభ్యంతరం లేదుగా?” అన్నాడు. అలవాటైన గొంతే, సమాధానం కోసం ఆగని గొంతు.

“ఆపరేషన్ అవనివ్వండి సార్. అప్పుడడగండి, ఆలోచించి చెబుతాను.”

ఆయన ఆగాడు. “సరేనమ్మా. అప్పుడే అడుగుతాను” అన్నాడు.

*

ఇంట్లో అంత తేలిగ్గా తెమల్లేదు.

ఆ సాయంత్రం తింటూ చెప్పింది. భర్త ముందు నమ్మలేదు. తర్వాత లేచొచ్చి చెవి ఆనించి విన్నాడు. “పేగు పైకెక్కిందా? ఇంట్లో అందరం నీ నెత్తికెక్కాం, అదెందుకు ఊరుకుంటుంది?” అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా. నవ్వయ్యాక “పుట్టినప్పట్నుంచీ ఉందంటున్నావుగా, ఇన్నేళ్లూ ఏం కాలేదుగా” అన్నాడు. “పాప పరీక్షలవనీ. అమ్మ తుంటి కుదురుకోనీ. నిదానంగా చూద్దాం. కాదన్నానా?”

అత్తగారు తుంటి విరిగి మంచాన పడి ఉంది. ఎముక అతికింది కానీ అడుగు పడటం లేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి, మళ్లీ మంచం మీదకి ఆమే ఎత్తుతుంది. “వెంట పుట్టిందాన్ని కోయించుకోవడమెందుకే?” అంది అత్తగారు లోపలి గదిలోంచి. “అయినా నువ్వు పడుకుంటే నన్ను లేపేదెవరు? నేను పోయాక కోయించుకో, ఎంతోకాలం పట్టదులే.”

“రైలు పోతుందా?” అని పాప కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమె ఎప్పటిలాగే కంచాలు తీసి గిన్నెల దగ్గర నిలబడింది. వీళ్లలో ఒక్కరు చెడ్డవాళ్లయినా పని తేలికయ్యేది. కసురుకునే మొగుడైతే ఎదురు తిరిగేది, రాచి రంపాన పెట్టే అత్తయితే పంతం పట్టేది. వీళ్లు ప్రేమించారు. ఆమె నొప్పికి పేర్లు పెట్టి మరీ ప్రేమించారు. జోలపాటన్నారు, వాన అన్నారు, రైలన్నారు. ప్రేమించేవాళ్లకి మనిషిలో లోపం కనిపిస్తే దాన్ని లోపమనరు, ఆ మనిషి స్వభావం అంటారు. అత్తయ్య తన చావు గురించి మాట్లాడిందే కానీ కోడలి చావు సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం దుర్మార్గం కాదు. వంటింటి గోడలా ఆమె ఈ ఇంటిని మోస్తూ ఉంది. గోడకి రోగమొస్తుందని ఎవరనుకుంటారు? పాప పరీక్షలయ్యాక ఇంకేవో పరీక్షలొస్తాయి. అత్తయ్య నడిచే రోజుకి ఇంకెవరో మంచాన పడతారు. ఈ ఇంట్లో ఆమె జబ్బు పడటానికి ఖాళీ రోజంటూ రాదు. గండి దగ్గర కాలు అడ్డం పెట్టి నిలబడ్డ మనిషికి మట్టి తెమ్మని కేకేసే హక్కుంది. నాన్న కేకేసినప్పుడు ఎవరూ ఆయన్ని స్వార్థపరుడనలేదు. ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

చేతిలో సగం తోమిన గిన్నె ఉంది. దాన్ని అలాగే వదిలేసి చేతులు కడుక్కుంది.

మర్నాడు చిన్న డాక్టరమ్మతో కలిసి ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే చెప్పింది. “వచ్చే సోమవారం చేర్చుకుంటారట. తేదీ తీసుకున్నాను.”

“ఒక మాట అడక్కుండానే?” అన్నాడు భర్త.

“నిన్న అడిగాను కదండీ. ఇవాళ చెబుతున్నాను.”

ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని అత్తగారి గదిలోకి తీసుకెళ్లింది. “రండి, అత్తయ్యని ఎత్తడం నేర్చుకోండి.”

“మా అమ్మని ఎత్తడం నాకు నేర్పుతావా? రోజూ అంత బస్సుని తిప్పుతాను నేను” అన్నాడు. అని వంగి ఎత్తబోయాడు. సగం లేచాక ముందుకూ వెనక్కూ కాకుండా ఆగిపోయాడు.

“దింపరా, దింపు! గోనెసంచీ అనుకున్నావా?” అని అరిచింది అత్తగారు.

“అలా కాదు. ఒక చెయ్యి వీపు కింద, ఒకటి మోకాళ్ల కింద. నడుం వంచకండి, మోకాళ్లు వంచండి” అంది ఆమె. తర్వాత అలవాటైన గొంతుతో చెప్పింది. “ఊపిరి బాగా పీల్చండి. బిగబట్టండి. ఇప్పుడు లేపండి.”

లేపాడు. కుర్చీలో కూర్చోబెట్టాడు. నుదురంతా చెమట. “వదలండి” అంది ఆమె. అతను ఊపిరి వదిలాడు.

“ఏంటమ్మా ఇంత బరువున్నావు?”

“బరువు నాది కాదురా, వాటం తెలీదు నీకు. అదెత్తితే పిట్టలా లేచేదాన్ని” అంది అత్తగారు.

“రోజుకి ఎన్నిసార్లు ఇలా?” అన్నాడతను ఆమె వైపు తిరిగి.

“అవసరమైనప్పుడల్లా.”

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“మీరు మంచం మీంచి మెచ్చుకుంటూ ఉండేవారు. మధ్యలో ఆపడం ఎందుకని.”

అత్తగారు కొడుకు చెమటని చూసింది, కోడలి సన్నటి చేతుల్ని చూసింది. ఆవిడ మొహంలో ఏదో మెల్లగా దిగింది. “అయితే పేగులు పైకెక్కిన మనిషి చేతా నేను ఇన్నాళ్లూ ఎత్తించుకుంది?” అంది తనలో తను అన్నట్టు. తర్వాత గట్టిగా, కొడుకుతో అంది. “రేయ్, మళ్లీ ఎత్తు. సోమవారం లోపల నీకు వాటం రావాలి. ఒసే అమ్మాయ్, ఆ తేదీ మాత్రం మార్చకు. వీడేడ్చినా సరే, నేనేడ్చినా సరే.”

సోమవారం పొద్దున బయల్దేరే ముందు పాప ఫోను తెచ్చి ఆమె కుడిపక్కన ఆనించి రైలుని రికార్డు చేసుకుంది. భర్త పక్కన నిలబడి “ఎవరూ మాట్లాడకండి” అని అందరికన్నా గట్టిగా మాట్లాడాడు. ఫోనులో రైలుకి ముందు ఆయన గొంతే పడింది.

*

కుట్లు మానాయి. డాక్టరమ్మ మళ్లీ ఒక ఎక్స్‌రే తీయించింది. మరిది అడక్కుండానే పేరు కొట్టి తెర ఆమెవైపు తిప్పాడు. మబ్బు లేదు. ‘వదలండి’ అనేదాకా ఊపిరి ఆగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె తృప్తిగా తింది. రెండోసారి పెట్టించుకుని తింది. నిండింది. ఛాతీ కాదు, కడుపు. చెయ్యి కడుక్కుని, ఎంగిలి కంచాల పక్కనుంచి నడిచి వెళ్లి, మంచం మీద నడుం వాల్చింది. రొమ్ము మీద ఎవరి మోకాలూ లేదు. పైకప్పు చూసింది. ఇక్కడ మరకలేం లేవు. ఇన్నేళ్లూ తనింటి పైకప్పుని మధ్యాహ్నం వెలుతురులో చూడలేదని అప్పుడు తెలిసింది. తనకి పనంటే పిచ్చేం లేదనీ తెలిసింది.

“కంచాలు?” అన్నాడు భర్త గుమ్మంలోంచి. అడిగి, తనే నాలిక్కరుచుకుని వెళ్లాడు. కాసేపటికి లోపల గిన్నె ఒకటి నేల మీద పడి గింగిరాలు తిరిగింది. “అది నాకు పెళ్లప్పుడు పెట్టింది రోయ్!” అని అత్తగారు కేకేసింది. ఆమె లేవలేదు.

పాప మంచమెక్కి అలవాటైన చోట, కుడివైపు చెవి ఆనించింది. విన్నది. తల సర్దుకుని మళ్లీ విన్నది. కింది పెదవి వణికింది.

“ఏం లేదమ్మా. ఖాళీ.”

పిల్ల చెయ్యి ఫోను కోసం చాచింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. పాప తలని రెండు చేతులా మెల్లగా ఎడమవైపుకి జరిపింది. అందరికీ కుడిపక్కే అలవాటైంది, ఇటు ఎవరూ పడుకోలేదు.

పాప ఊపిరి బిగబట్టి వింది. రైలు కాదు, వాన కాదు. ఒకటే అడుగు, ఆగకుండా, తొందర లేకుండా నడుస్తున్నట్టు.

“ఇదెప్పట్నుంచి ఉందమ్మా?”

“మొదట్నుంచీ” అంది ఆమె.